ముసలమ్మ కోడి, మూడు నెలల కోర్సు

కాన్పయిన మూడో నెలలో బాలింత తల దువ్వుకుంటే దువ్వెన నిండా జుట్టే. అది చూసి కన్నతల్లి కంటే ముందు కంగారుపడేది ఫోనులోని ప్రకటన. "మీ జుట్టు ఆకలితో ఉంది" అంటూ గులాబిరంగు సీసా చూపిస్తుంది. లోపల స్ట్రాబెర్రీ రుచి బయోటిన్ విటమిన్ గమ్మీలు. పైన నడుము దాకా జడ వేలాడేసుకున్న నవ్వుముఖం. ఆ అమ్మాయికి ఈమధ్య పురుడు వచ్చిన జాడ మాత్రం ఎక్కడా కనబడదు.

సీసా తిప్పి చూడండి. ముందువైపు "జుట్టు రాలడం ఇక బంద్" అని బొద్దక్షరాలు. వెనకవైపు "వైద్య అవసరాలకు కాదు" అని, ఆహార భద్రతా నిబంధనలకు భయపడి రాయక తప్పని మాట. ముందు నిలబడితే డాక్టరు, వెనక్కి తిరిగితే మిఠాయి కొట్టు.

అసలు సంగతి ఏమిటంటే, కడుపుతో ఉన్నప్పుడు ఈస్ట్రోజెన్ పుణ్యమా అని రాలాల్సిన జుట్టు కూడా రాలకుండా ఆగుతుంది. కాన్పుతో ఆ హార్మోను పడిపోగానే ఆగిన వెంట్రుకలన్నీ రెండు నుంచి నాలుగు నెలల్లో కట్టగట్టుకుని ఊడతాయి. వైద్యులు దీన్ని టెలోజెన్ ఎఫ్లూవియం అంటారు. బిడ్డ తల్లిని చూసి నవ్వడం మొదలుపెడితే జుట్టు ఊడుతుందని పెద్దవాళ్ళు అనేదీ ఈ నెలల గురించే. వాళ్ళు కారణం తప్పినా నెలల లెక్క తప్పలేదు, పైగా సలహాకు పైసా అడగలేదు. చాలామందికి ఏడాది తిరిగేలోపు జుట్టు దానంతటదే మళ్ళీ వస్తుంది.

వ్యాపార చమత్కారమంతా ఇక్కడే ఉంది. జుట్టు జోరుగా రాలే నాలుగో నెలలో సీసా కొనిపిస్తారు. "మూడు నెలలు క్రమం తప్పక వాడాలి" అని షరతు పెడతారు. ఏడో నెలకు నుదుటి మీద పిల్ల వెంట్రుకలు నిక్కబొడుచుకుంటాయి. అమ్మాయి మురిసిపోయి అయిదు నక్షత్రాలు ఇస్తుంది. తన కోడి కూయకపోతే ఊరికి తెల్లారదనుకున్న ముసలమ్మకు ఇన్నాళ్ళకు పెట్టుబడిదారుడు దొరికాడు. ఈ లెక్కన తిరుమల కల్యాణకట్ట గుమ్మంలో తలా ఓ సీసా పంచితే సరి, గుండ్ల మీద మొలిచే ప్రతి వెంట్రుకా కంపెనీ ఖాతాలోకే!

పాలిచ్చే తల్లికి రోజుకు 35 మైక్రోగ్రాముల బయోటిన్ చాలని అమెరికా పోషకాహార ప్రమాణం. బజారులో దొరికే మాత్రల్లో 10,000 మైక్రోగ్రాములవి కూడా ఉన్నాయి. ఉడికించిన గుడ్డులోనే సుమారు 10 మైక్రోగ్రాములు ఉంటుంది. కానీ గుడ్డు పెడితే పసిదానికి పడదంటాం. ఆకుకూర చలవంటాం, పప్పు వాతమంటాం. నెలల తరబడి బాలింతకు వెల్లుల్లి కారం, చారన్నం పెట్టి, ఆనక "పాపం, పోషకాలు తక్కువయ్యాయి" అని గమ్మీలు తెప్పిస్తాం. తెలంగాణ అంగన్‌వాడీలో ఆరోగ్య లక్ష్మి పథకం కింద రోజూ పెట్టే గుడ్డు, పాలు మనకు నామోషీ.

2019-21 జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వే ప్రకారం దేశంలో 15-49 ఏళ్ళ ఆడవాళ్ళలో 57 శాతం మందికి రక్తహీనత. ఇనుము తగ్గితే జుట్టూ రాలుతుంది. రక్తహీనత రాకుండా కాన్పు తర్వాత 180 రోజులు వేసుకోమని ఆశా కార్యకర్త ఎర్ర ఇనుము మాత్రలు ఉచితంగా ఇచ్చి పోతుంది. "వికారం" అని వాటిని బీరువా మీదికి విసిరేస్తాం. ఆ మాత్రకు ప్రకటన లేదు, రుచి లేదు, డిస్కౌంటు కూపను అసలే లేదు. ఇంకెవరు వేసుకుంటారు?

ఇంతకంటే పెద్ద తమాషా ఇంకొకటి. కాన్పు తర్వాత కొందరికి థైరాయిడ్ దెబ్బతిని జుట్టు ఊడుతుంది. అది తేల్చేది రక్తపరీక్ష. బయోటిన్ మోతాదు మించితే కొన్ని థైరాయిడ్ పరీక్షల ఫలితాలు తారుమారవుతాయి. ఉన్న జబ్బు లేనట్టూ, లేనిది ఉన్నట్టూ కనిపించవచ్చు. రక్తపరీక్షలను బయోటిన్ ఇలా తప్పుదారి పట్టిస్తుందని అమెరికా ఎఫ్‌డీఏ 2017లో ఒకసారి, 2019లో మరోసారి హెచ్చరించింది. అంటే మందు పేరుతో వచ్చిన పెద్దమనిషి, దొంగను పట్టుకోవడానికి వచ్చిన పోలీసు కళ్ళకే గంతలు కడుతున్నాడన్నమాట.

ఏడాది దాటినా జుట్టు రాలడం ఆగకపోయినా, నీరసం, గుండెదడ తోడైనా డాక్టరు దగ్గరికి వెళ్ళండి. గమ్మీలు తింటున్న సంగతి దాచకండి. భార్య జుట్టు చూసి అంత దిగులు పట్టుకున్న భర్త ఉంటే, మధ్యరాత్రి బిడ్డను రెండు గంటలు ఎత్తుకుని ఆమెను నిద్రపోనివ్వచ్చు. ఇది కూడా వైద్యం కాదు. కాకపోతే ఆ మాట వీపు మీద రాసుకు తిరగనక్కర్లేదు.