బోర్డుకు సంజీవని

మూలము: "పచ్చని కొబ్బరి తోటల ఒడిలో, గోదారి గాలి నీడలో మీ కలల సౌధం! నూరు శాతం వాస్తు."

అవతారిక: అమలాపురమందు కొత్తగా లేచిన ఒకానొక అయిదంతస్తుల అపార్టుమెంటు నొసట ఈ వాక్యం వెలసినది. కర్త బిల్డరని కొందరు, ఫ్లెక్సీలు కొట్టువాడని కొందరు. 2022 ఏప్రిల్ 4న ఊరు జిల్లా కేంద్రమైన పిమ్మట ఇట్టి వాఙ్మయము ప్రబలినది గనుక కాలనిర్ణయానికి చిక్కు లేదు.

ప్రతిపదార్థము: సులభము. గాలికి నీడెక్కడిదని శంకింపరాదు. కవులు నిరంకుశులు, బిల్డర్లు సరేసరి.

విశేషము: 'తోటల ఒడి' అనునది భూతకాలము. బిడ్డను ఒడిలో పెట్టుటకు ముందే తల్లిని మొదలంటా నరికినారు. 1996 నవంబరు 6 నాటి తుపాను కూడా కోనసీమ కొబ్బరిని కూల్చినది గాని, ఆ గుంటల్లో రైతు మళ్ళీ మొక్క నాటుకొన్నాడు. ఇచ్చట కారు పార్కింగు.

ఇక మండువా లోగిలి ప్రసంగము. మూలంలో లేనిది రాయనని 'సంజీవని' వ్యాఖ్యాత కొల్చారం మల్లినాథసూరి ప్రతిజ్ఞ. ఆయన మెదకు సీమవాడు, మెరకన కూర్చుని ఏమైనా అనగలడు. మాది పల్లం. నాలుగు వైపుల పెంకుల మీద పడిన వాన మండువాలోకి దూకి, తూము గుండా దొడ్లోకి, అక్కడినుంచి బోదెలోకి, బోదెలోంచి మురుగు కోడులోకి పోయేది. మండువా అంచున ఇత్తడి గంగాళం పెట్టి వాననీళ్ళు పట్టేవారు. ఆ నీళ్ళలో కందిపప్పు ఉడికే తీరే వేరు. ఆ ఇల్లు కట్టిన మేస్త్రికి నీరు రావడమే కాదు, పోవడమూ తెలుసు. 1852లో ధవళేశ్వరం ఆనకట్ట పూర్తయ్యాక డెల్టాకు రావడం కుదిరింది. పోవడం నేటికీ తంటాయే. మురుగు దిగక, ధర గిట్టక 2011 ఖరీఫ్‌లో ఇక్కడి రైతులు పంట విరామమే ప్రకటించారు.

బోర్డు మరచితిమి.

పాఠాంతరము: కరపత్రమునందు 'నాలుగడుగుల మెరక చేసిన స్థలం' అని అధికపాఠము. ఇదియే అసలు పాఠమని మా పక్షము. ఆ మెరకలో బోదె కూడా పూడిపోయింది. అయ్యా, మెరక మీదే, కాదనం. పక్కవాళ్ళ నీళ్ళు ఎక్కడికి పోవాలి? బోదెలో రెండు సిమెంటు గొట్టాలు వేసి పైన మట్టి పోసుకుంటే మీ సౌధం కుంగేదా?

తాత్పర్యము: ఈశాన్యము పల్లముగా నుండవలెనని వాస్తు. ఈ సౌధమునకు ఈశాన్యమున నున్నది ఒక పాత మండువా ఇల్లు. అది ఇప్పుడు పల్లమే. నూరు శాతం సరిపోయినది.