ముధోల్ మామ

బళ్లారి జిల్లా సిరిగేరి చుట్టుపక్కల ఏ ఊరికి పోయినా ఒక ముధోల్ మామ ఉంటాడు. వయసు యాభైకి అటూ ఇటూ. తుంగభద్ర కాలువ కింద నాలుగు కయ్యల వరి, దాన్ని కౌలుకిచ్చి ఎన్నో ఏళ్లయి ఉంటుంది. భుజాన టవలు, చేతిలో తోలుపట్టా, ఆ పట్టాకు అటు చివర పొడుగు మూతి, సన్నకాళ్లు, వెన్నుకంటుకున్న పొట్టతో ఒక ఆడకుక్క. పేరు బిజిలి. కొత్తవాళ్లెవరైనా చూసి "అయ్యో, దీనికి తిండి పెట్టరా?" అని నోరు జారితే అయిపోయినట్టే.

"బక్కది కాదప్పా. జాతే అంత" అని మామ మొదలుపెడతాడు. వినేవాడు బస్సుకోసం నిలబడి ఉంటే ఆ బస్సు పోతుంది.

మామ ఉపన్యాసానికి ఒక వరుసుంది. ముందు బాగల్‌కోటె జిల్లాలోని ముధోల్ సంస్థానం. దాన్నేలిన ఘోర్పడే మాలోజీరావు ఇంగ్లండు పోయి ఐదో జార్జి చక్రవర్తికి ఒక జత కుక్కపిల్లల్ని కానుకగా ఇచ్చాడని, ముధోల్ వేటకుక్క అనే పేరు అక్కడే ఖాయమైందని చెప్తాడు. చెప్పేటప్పుడు జార్జి చక్రవర్తి ఎంత సంతోషించిందీ తాను పక్కనే నిలబడి చూసినట్టు వివరిస్తాడు. ఆ తర్వాత 2005లో తపాలా శాఖ వేసిన నాలుగు దేశవాళీ కుక్కల బిళ్లలు. రాంపూర్, రాజపాళయం, హిమాలయపు గొర్రెలకాపరి కుక్కలతో పాటు ముధోల్‌కు కూడా ఒక బిళ్ల దక్కింది. ఆ బిళ్ల మామ పర్సులో, ఆధార్ కార్డుకు ముందరి అరలో ఉంటుంది. 2016లో మీరట్‌లోని సైన్యం కేంద్రానికి ముధోల్ పిల్లలు శిక్షణకు పోవడం, 2020 ఆగస్టులో ప్రధానమంత్రి రేడియోలో ఈ జాతి పేరెత్తడం ఇక చివరి అధ్యాయాలు. ఆ రేడియో మాటలు మామ ఫోనులో ఉన్నాయి. అడగకపోయినా వినిపిస్తాడు.

ఇంతకీ బిజిలి ఇంట్లోకి వచ్చిన కారణం వేరే. మామకు చక్కెర జబ్బు బయటపడింది. పొద్దున్నే గంటసేపు నడవమని డాక్టరు చెప్పాడు. "నేనేమన్నా పోస్టుమేనునా, పని లేకుండా నడిచేకి?" అని మామ ఎదురడిగాడు. మన పల్లెల్లో భూమి ఉన్నవాడు ఊరికే నడిస్తే నలుగురూ ఏమైందని అడుగుతారు. ఆస్పత్రికా, అప్పుకా అని ఆరా తీస్తారు. అదే చేతిలో కుక్క ఉంటే ఎవరూ ఏమీ అడగరు, దారిస్తారు. ఈ సంగతి మామకు చప్పున తట్టింది. హొస్పేట, కుష్టగి, ఇళకల్లు మీదుగా బస్సులు మారి ముధోల్ దగ్గర తిమ్మాపురలో ఉన్న కుక్కల పరిశోధన కేంద్రం దాకా పోయి, ఆ చుట్టుపక్కల పెంపకందార్ల ఇళ్లన్నీ తిరిగి, ఒక పిల్లను ఒళ్లో పెట్టుకుని వచ్చాడు. చక్కెర తగ్గింది. అది మాత్రల మహిమ అంటాడు మామ. అత్త ఏమీ అనదు. పాలగిన్నెలో కుక్కకు ఒక గరిటె ఎక్కువ పోస్తుంది.

బళ్లారి వాళ్లకు రెండే కాలాలని, ఒకటి ఎండాకాలం, రెండోది ఇంకా ఎక్కువ ఎండాకాలమని బయటివాళ్లు ఎగతాళి చేస్తారు. మామ పంచాంగంలో మాత్రం బిజిలి కాళ్లను బట్టి కాలాలు మారతాయి.

ఉగాది దాటితే నడక తెల్లవారుజామున నాలుగింటికి. కుక్కకు మనకు మాదిరి ఒళ్లంతా చెమట పట్టదు. నాలుక బయటేసి రొప్పడమే దానికి ఫ్యాను, అరికాళ్లలో మాత్రం కాస్త తేమ. తారు రోడ్డు మీద అరచేతి వెనకభాగం ఆనించి ఏడు లెక్కపెట్టేదాకా ఓర్చుకోగలిగితేనే కుక్కను నడిపించాలని మామ ఎక్కడో విన్నాడు. చెయ్యి ఆనిస్తే చాలదని ఆయనకనిపించింది. చెప్పులు విడిచి తానే ముందు రోడ్డు మీదికి దిగుతాడు. సాయంత్రం ఐదింటికి సిరిగేరి క్రాసులో ఒక పెద్దమనిషి ఒంటికాలి మీద గెంతుతూ ఏడు లెక్కపెడుతుంటే, నీడలో కూర్చున్న కుక్క ఆయన్ను శ్రద్ధగా చూస్తుండటం కొత్తవాళ్లకు వింతగా ఉంటుంది. ఊరివాళ్లకు అలవాటే. "ఎంతొచ్చె మామా?" అని అంగట్లోంచే అడుగుతారు. "మూడు" అంటాడు. ఆ పూట నడక రద్దు. తడిపిన గోనెసంచి మీద బిజిలి, పక్కన మంచం మీద మామ.

కుక్క ఒళ్లు మామూలుగానే నూటొకటి నుంచి నూటరెండున్నర డిగ్రీల దాకా ఉంటుందని పశువుల డాక్టరు చెప్పేదాకా, బిజిలికి రోజూ జ్వరమేనని మామ ఇంటిల్లిపాదినీ ఏడిపించాడు. కొలత ఏ వైపు నుంచి తీయాలో కూడా ఆ డాక్టరే చెప్పాడు. ఆ రోజే అత్త ఇంటి థర్మామీటరును బీరువాలో పెట్టి తాళమేసింది.

కాలువకు నీళ్లొదిలాక అసలు కష్టం. నాట్లు పడుతుంటాయి, నల్లరేగడి పాదానికి చెప్పు మాదిరి అంటుకుంటుంది. నాలుగు కాళ్లకూ నాలుగు చెప్పులు. మామ ఇంటికి రాగానే తన కాళ్లు కడుక్కోడు, ముందు బిజిలి కాళ్లు, వేళ్ల సందుల్లో పుల్లతో. చెవుల వెనక పిడుదులు వెతకడం మధ్యాహ్నం పని. ఆ పనిలో ఉన్నప్పుడు తాలూకాఫీసు నుంచి మనిషి వచ్చినా అరుగు మీద కూర్చోవాల్సిందే.

ఆ రోజుల్లోనే ఈత నేర్పాలనే ఆలోచన కూడా వస్తుంది. పంట కాలువలో మోకాటి లోతున దిగి "రావే బిజిలీ, రా" అని మామ చేతులు చాస్తాడు. గట్టు మీద బిజిలి అటు తిరిగి కూర్చుంటుంది. పరిగెత్తే జాతి, ఒంటి మీద కొవ్వు లేదు, నీళ్లలో దానికేం పని? మామ రెండడుగులు వెనక్కి వేస్తాడు, పాచి మీద కాలు పడుతుంది, ఈత ఎవరికి రాదో ఊరికి తెలిసిపోతుంది. నాట్లేసే ఆడవాళ్లు పాట ఆపి మరీ చూసే దృశ్యం అది.

సెప్టెంబరు 28న మాత్రం మామను చూసి ఎవరూ నవ్వరు. అది లూయీ పాశ్చర్ పోయిన రోజు, ప్రపంచమంతా రేబిస్ దినం. టీకాల శిబిరం పెడితే మొదట నిలబడేది మామే. బిజిలికి వేయించి ఊరుకోడు. వీధికుక్కల్ని రొట్టెముక్కతో ఒక్కొక్కదాన్నే పిలిచి, టవలు మెడకేసి, డాక్టరు ముందు కూర్చోబెడతాడు. ఊళ్లో పిల్లల తల్లులు ఆయన తిక్క చేష్టలన్నీ క్షమించేది ఈ ఒక్క పూట కోసమే.

దసరాకు ఆయుధపూజ. ట్రాక్టరుకు, కొడవళ్లకు, మోటారుకు, చివర్న బిజిలికి విభూది, కుంకుమ, బంతిపూల దండ. "కుక్క ఆయుధమెట్లయితాది?" అని పూజారి అడిగితే మామ హంపి మహర్నవమి దిబ్బ మీద చెక్కిన వేట బొమ్మల దగ్గర మొదలుపెడతాడు. అక్కడితో ఆగితే సరే. ఆతకూరు శాసనం దాకా పోయాడంటే హారతి ఆరిపోతుంది.

ఆ శాసనం కథ నిజంగా వినాల్సిందే, మామ నోట కాకపోయినా. 949లో తక్కోలం యుద్ధం గెలిచాక రాష్ట్రకూట మూడో కృష్ణుడు మణలేరుడనే వీరుణ్ని మెచ్చి, ఏం కావాలో కోరుకోమన్నాడు. ఊరు అడగొచ్చు, బంగారం అడగొచ్చు. ఆయన రాజుగారి వేటకుక్క కాళిని అడిగాడు. ఆ కాళి ఒక పెద్ద అడవిపందితో తలపడింది, రెండూ చచ్చాయి. మణలేరుడు కుక్కకు రాయి నాటించి, పూజకు మాన్యం రాయించాడు. ఆ రాయి ఇప్పుడు బెంగళూరు ప్రభుత్వ మ్యూజియంలో ఉంది. బంధువుల పెళ్లికని బెంగళూరు పోయిన మామ ముహూర్తం వేళకు ఆ రాయి ముందర నిలబడి ఉన్నాడు. తాళి కట్టే ఫొటోలో అత్త పక్కన ఖాళీ. "మణలేరుని పెండ్లాము ఏమనిందో ఆ రాతిమీద రాసిండరా?" అని అత్త ఇప్పటికీ అడుగుతుంది.

కోతలైపోయి, మిషన్లు వెళ్లిపోయి, బాతుల మందలు, గొర్రెల మందలు కయ్యల్లోకి దిగే చలికాలమే మామకు అసలైన ఆటల రుతువు. ఆయన తాతల కాలంలో ఈ నెలల నుంచి ఉగాది దాకా కుందేళ్ల వేట. 1972 వన్యప్రాణి చట్టం వచ్చాక కుందేలును ముట్టుకుంటే కేసు. మామ చట్టానికి మహా విధేయుడు. ఒకసారి గెనెం మీద కుందేలు తనంతట తాను లేచింది. బిజిలి పట్టా తెంచుకుని దూకింది. కుందేలు శెనగచేలో అంగుళం జాగాలో పక్కకు తిరిగింది. బిజిలి తిరగలేక తిన్నగా పోయి ముళ్లకంపలో పడింది. చట్టం కుందేళ్లను ఎంత కాపాడిందో నాకు తెలియదు గానీ బిజిలి పరువును మాత్రం నిక్షేపంగా కాపాడుతోంది.

వేట లేకపోతే ఆట ఉండాలి కదా. వాసన కన్నా కంటిచూపుతో తరిమే ఈ జాతి కుక్కలకు విదేశాల్లో ఒక పోటీ ఉంది. మైదానంలో తాడు పరచి, దాని కొసకు తెల్లసంచి కట్టి, మోటారుతో లాగుతారు. కుక్కలు ఆ సంచిని కుందేలనుకుని తరుముతాయి. మామ దీన్ని ఫోనులో చూశాడు. పాత మోటారుసైకిలును సెంటర్ స్టాండు మీద నిలబెట్టి, వెనక చక్రం టైరు పీకి, ఉత్త రిమ్ముకు నైలాను తాడు చుట్టించాడు. తాడు అవతలి కొసకు యూరియా సంచి ముక్క. ఊరి పిల్లలందరూ గెనెం మీద బారులు. మామ గేరు వేసి యాక్సిలేటర్ తిప్పాడు. సంచి ఎగిరింది.

బిజిలి పరిగెత్తడం చూసి తీరాలి. ఒక్క అంగలో రెండుసార్లు నాలుగు కాళ్లూ నేలనొదిలేస్తాయి, ఒకసారి ఒళ్లంతా ముడుచుకుని, ఒకసారి బారుగా సాగి. వరికొయ్యల మీద కాలు పడిన చప్పుడు కూడా ఉండదు. వీపు విల్లులా వంగి విచ్చుకుంటుంటే గోల చేసే పిల్లలు కూడా నోరు మూశారు. మామ కళ్లజోడు తీసి తుడుచుకున్నాడు. ఇదంతా మొదటిసారి.

రెండోసారి సంచి కదిలింది. బిజిలి కదల్లేదు. సంచిని చూసింది, తాడును చూసింది, తాడు ఎటు పోతోందో మెడ తిప్పుకుంటూ మోటారుసైకిలు దాకా చూసింది. తర్వాత తీరిగ్గా నడిచి వచ్చి మామ కాళ్ల దగ్గర కూర్చుంది. కుందేలు ఎటూ ఇక్కడికే వస్తుంది కదా, ఆయాసం దేనికి?

కంచెలు దూకే పోటీ ఇంకోటి. 1978లో లండన్ క్రఫ్ట్స్ ప్రదర్శనలో విరామ వేళ కాలక్షేపానికి మొదలై, ఇప్పుడు దేశదేశాల్లో ఆడుతున్నారు. మామ ఇటుకల మీద బొంగులు పెట్టించాడు, ట్రాక్టరు టైరు వేలాడదీశాడు, మోరీ పైపును సొరంగం చేశాడు. బిజిలి బొంగును వాసన చూసి పక్కనుంచి వెళ్లింది. చెత్తకుప్ప దగ్గరుండే కర్రి కుక్క మాత్రం, ఎవరూ పిలవకుండానే, బొంగులన్నీ దూకి, టైరులోంచి దూరి, పైపులోంచి బయటికొచ్చి మామ చేతిలోని జొన్నరొట్టె ముక్క లాక్కుని పోయింది. పిల్లలు చప్పట్లు.

"అది ఆటకు చేసింది కాదురా, రొట్టెకు చేసింది" అన్నాడు మామ మొహం ముడుచుకుని.

"మీరైతే ఇంట్లో దేనికి చేస్తారో పనులు" అంది అత్త, చెంబు కింద పెడుతూ.

ఇక జాతర పరుగు పందెం గురించి రెండు మాటలు చాలు. బిజిలి ముప్పాతిక దూరం దాకా అందరికన్నా ముందుంది. అక్కడ మిరపకాయ బజ్జీల బండి ఉంది. మామ న్యాయనిర్ణేతతో గంటసేపు వాదించాడు. "అది వేటజాతి అప్పా. సున్నం గీత దాటేకి ఆడేమన్నా జంతువుండాదా? బజ్జీల బండి కాడ ఉండాది. పోయింది." న్యాయనిర్ణేత ఉగ్గాని తింటూ ఔననే అన్నాడు, బహుమానం మాత్రం ఇవ్వలేదు.

వీటన్నిట్లో నిజంగా నష్టపోయిన మనిషి ఒకడున్నాడు, మామ కౌలుదారు. బిజిలి రాకముందు మామ తన పొలం మొహం చూసింది పండగలకే. ఇప్పుడు రోజూ తెల్లారకముందే ప్రతి గెనెం మీదా నడుస్తాడు. ఏ కయ్యలో నీళ్లు కారుతున్నాయో, ఎక్కడ పందికొక్కు బొక్క పెట్టిందో, ఏ మూల అగ్గితెగులు మచ్చలు కనబడ్డాయో కౌలుదారు కన్నా ముందు ఆయనకే తెలుస్తుంది. "కుక్క ముందర పెట్టుకోని లెక్కలడుగుతాండాడు. ఇంగ కౌలు పెంచుతాడేమో" అని అతని దిగులు.

బిజిలి పిల్లలు పెట్టబోతోందని తెలిసి, కౌలుదారు ఒకనాడు తెగించి అడిగాడు. "మామా, ఒక పిల్లను నాకియ్యి. నేనూ తిప్పుకుంటా." యజమాని తన కుక్కతో తిరుగుతుంటే, తన కుక్కతో తానూ ఎదురొస్తే లెక్కలు కాస్త సర్దుకుంటాయని అతని ఆశ.

మామ కుర్చీ చూపించాడు. కాఫీ ఇప్పించాడు. సంబంధం మాట్లాడినంత నిదానంగా అడగడం మొదలుపెట్టాడు. ఇంటి ముందు ఖాళీ ఎంత, గొలుసేసి కట్టేస్తావా, నాలుగింటికి లేస్తావా, ఇంట్లో ఆడమనిషి ఒప్పుకుందా, టీకాలకు ఎవరు తీసుకుపోతారు. అన్నిటికీ అతను తలూపాడు. ఊపి ఊపి, అదనుచూసి, "అన్నీ సరే మామా, ఈ పారి కౌలు రెండు మూటలు తగ్గించరాదా?" అన్నాడు.

"కౌలు సంగతి మళ్ల చూద్దాం లేప్పా" అన్నాడు మామ. "ముందు నువ్వు ఆ పడమటి కయ్య గెనెం ఎడల్పు చెయ్యి. రెండు కుక్కలు పక్కపక్కన ఉరికేకి చాలదది."