కొత్త కారు పైపొరను నేను

నన్ను ఎవరూ చూడరు. కారు కొనేవాళ్ళు రంగు చూస్తారు, మైలేజీ అడుగుతారు, సన్‌రూఫ్ ఉందో లేదో తల పైకెత్తి చూసుకుంటారు. "నలుపు భలే మెరుస్తోంది కదా" అని మురిసిపోతారు. మెరిసేది నలుపు కాదండీ, నేను. ఆ నలుపు మీద ఏ రంగూ లేకుండా పరుచుకున్న పైపొరను. పెయింటు షాపులో నన్ను క్లియర్ కోటు అంటారు. నా మందం 40 నుంచి 50 మైక్రాన్లు. మిల్లీమీటరులో 20వ వంతు అనుకోండి.

పుట్టింది చెన్నై పక్కన ఒక కార్ల ఫ్యాక్టరీలో. నాకంటే ముందు పుట్టినవాళ్ళు ముగ్గురున్నారు. ఉక్కు బాడీని ఫాస్ఫేటు స్నానం చేయించి, పెద్ద తొట్టిలో ముంచి కరెంటు పారిస్తే అంటుకున్న మొదటి పొర ఒకటి. తుప్పు పట్టనివ్వకపోవడం దాని పని. దాని మీద ప్రైమరు. ప్రైమరు మీద 15 మైక్రాన్ల నలుపు. ఆఖరిదాన్ని నేను. సుమారు 140 డిగ్రీల ఓవెన్‌లో కాలి గట్టిపడ్డాను. వాన, ఎండ, పిట్ట రెట్ట ఏదైనా ముందు నా మీదే పడాలి. ఎండలోని అతినీలలోహిత కిరణాలను పీల్చుకునే రసాయనం నాలో ఉంది. నేను పలచబడ్డానా, కింద నలుపు వెలిసిపోతుంది.

ఒక్క మాట చెప్పి ముందుకు పోతాను. నన్ను పూసిన గదిలోకి మనిషి అడుగుపెట్టాలంటే నూలు పోగు రాలని సూటు తొడుక్కోవాలి, ఒంటి మీద దుమ్మంతా ఎగిరిపోయేలా గాలి జల్లు కింద నిలబడాలి. ఒక్క పోగు పడినా మళ్ళీ రుద్ది సరిచేయాలని వాళ్ళ భయం. అంత అపురూపంగా పెంచి పంపితే, హైదరాబాద్‌లో నాకు ఎదురైంది ఒక గుడ్డ.

ట్రైలరు మీద వచ్చి ఔటర్ రింగ్ రోడ్డు దగ్గర డీలరు యార్డులో దిగాం. పైన కప్పు లేదు. పక్కనే ఏదో అపార్టుమెంటు కడుతున్నారు. సిమెంటు దుమ్ము, దాని మీద నాలుగు చినుకులు, ఆపైన ఎండ. దుమ్ము దానంతట అది నన్నేమీ చేయదు. దాన్ని నా మీద పెట్టి రుద్దితేనే ప్రమాదం. ఇసుక రేణువు నాకంటే చాలా గట్టిది.

నన్ను బుక్ చేసుకున్నావిడ బ్యాంకు ఉద్యోగి. డెలివరీకి ముందే యార్డుకొచ్చి, ఫోన్ టార్చి వేసి డోరు డోరూ చూసింది. సేల్స్ కుర్రాడు పక్కన నిలబడి చెమట తుడుచుకుంటున్నాడు.

"కడగొద్దు తమ్ముడూ. తుడవొద్దు. పాలిష్ అసలే వద్దు. యార్డులో ఎలా ఉందో అలాగే ఇచ్చెయ్యండి."

"అదేంటి మేడమ్! వాషింగ్ ఫ్రీయే. డబ్బులేం తీసుకోం."

"ఫ్రీ అని తెలిసే వద్దంటున్నా."

"దుమ్ముతో డెలివరీ ఇస్తే మా మేనేజర్ నన్ను తిడతారు మేడమ్. ఫోటో కూడా తీయాలి."

"దుమ్ముతోనే దిగుతాలే ఫోటో."

ఆ మాటే బుకింగ్ ఫారం మీద రాయించింది, వాట్సాప్‌లో పంపింది, ఒక తెల్లకాగితం మీద పెద్ద అక్షరాలతో రాసి అద్దం లోపలివైపు అంటించమంది. అంటించారు కూడా. కాకపోతే వాషింగ్ కుర్రాడు అద్దం వైపు నుంచి రాలేదు.

అది శ్రావణ శుక్రవారం. పొద్దున్నే డెలివరీ బేలో కార్లు బారులు తీరాయి. "అరే, జల్ది కానియ్, పదిన్నరకు పూజ ఉంది" అని ఇన్‌ఛార్జి కేకలు. కుర్రాడి చేతిలో ఒకటే బకెట్. పొద్దున మొదటి కారుకి పట్టిన నీళ్ళు అందులోనే ఉన్నాయి, టీ రంగుకు తిరిగి. ఒకే గుడ్డతో ముందు కారు టైర్లు తుడిచాడు, డోరు అడుగు తుడిచాడు. గుడ్డ జారి నేల మీద పడింది. తీసి ఒకసారి దులిపి, నా డ్రైవర్ వైపు డోరు మీద వేశాడు. రెండు మూడు సార్లు గుండ్రంగా తిప్పాడో లేదో, అవతలి నుంచి ఎవరో కాగితం చూసి "అన్నా, అది కడగొద్దంట!" అని అరిచారు. "కడగొద్దా? ఎందుకు?" అని ఆశ్చర్యపోయి, భుజాలెగరేసి పక్కనున్న ఎర్ర కారు దగ్గరికి వెళ్ళాడు.

అతని మీద నాకు కోపం లేదు. ముహూర్తం లోపు అన్ని కార్లు తళతళలాడాలని అతనికి చెప్పారు గానీ, ఎలా కడగాలో ఎవరూ నేర్పలేదు. పైన లాంజ్‌లో కస్టమర్లకి కాఫీ ఉంది, కేకు ఉంది. కింద వాషింగ్ బేలో రెండో బకెట్ లేదు. తప్పు ఎక్కడుందో దీన్ని బట్టే తేల్చుకోవచ్చు.

ఎర్ర కారు కథ వేరు. దాన్ని ఆసాంతం అదే గుడ్డతో తుడిచారు. బానెట్టు మీద గీతలు కనబడేసరికి బఫింగ్ మెషీను తెచ్చి రుద్దారు. రుద్దడమంటే గీత మాయం చేయడం కాదు. గీత లోతు దాకా చుట్టూ ఉన్న పొరను అరగదీసి చదును చేయడం. పోయిన మైక్రాన్లు తిరిగి రావు. హడావిడిగా రుద్దితే మెషీను జాడలు కొత్తగా పడతాయి. ఆ జాడల మీద నూనె లాంటి పాలిష్ పూశారు. అది గీతల్లో నిండి కూర్చుంటుంది, నాలుగు వాష్‌లు అయ్యేదాకా కనబడనివ్వదు. రిబ్బను కట్టి, దండ వేసి, ఫోటో తీసి పంపారు. పక్కనున్న తెల్ల కారుకీ అదే మర్యాద జరిగింది. తెలుపు మీద గీతలు పడక కాదు, కనబడవంతే.

నన్ను కొన్నావిడ దుమ్ముతోనే కర్మన్‌ఘాట్ ఆంజనేయస్వామి గుడికి తీసుకెళ్ళింది. పూజారి బానెట్టు మీద కుంకుమ దిద్దబోతే "నంబరు ప్లేటు మీద పెట్టండి స్వామీ" అంది. ఆయన నవ్వి అలాగే పెట్టారు. దండకున్న ఇనుప తీగ బానెట్టుకు గీసుకోకుండా గుడి దాటగానే తీసేసింది. ఇంటికెళ్ళాక నీడలో నిలిపి, ముందు నీళ్ళు ధారగా కొట్టి దుమ్మంతా పారిపోయాకే షాంపూ నురుగు పట్టించింది. నురుగుకొక బకెట్, గుడ్డ జాడించడానికి ఇంకొకటి. మెత్తటి మైక్రోఫైబర్ గుడ్డ, నిలువుగా నెమ్మదిగా. బోరు నీళ్ళు ఎండకు ఆరితే తెల్ల మచ్చలు కడతాయని వెంటనే ఒత్తి తడి ఆర్చింది.

సాయంత్రం ఏటవాలు ఎండలో డ్రైవర్ వైపు డోరు మీద ఆ రెండు మూడు తిప్పుళ్ళు బయటపడ్డాయి. సూర్యుడి ప్రతిబింబం చుట్టూ సాలెగూడు అల్లినట్టు. నిజానికి ఆ గీతలు ఎటు పడితే అటు ఉంటాయి. వెలుగుకు అడ్డంగా ఉన్నవే మెరుస్తాయి కాబట్టి చూసే కంటికి గుండ్రంగా అనిపిస్తాయి. చూసి కాసేపు ఆగింది. "దీనికోసం పాలిష్ ఎందుకులే, ఉన్న పొర ఉండనీ" అని వదిలేసింది. తెలివైన నిర్ణయం.

మొదటి సర్వీసుకు వెళ్ళినప్పుడు ఎర్ర కారు మళ్ళీ నా పక్కనే నిలబడింది. పూసిన పాలిష్ కరిగిపోయి బానెట్టంతా గీతలు తేలాయి. దాని యజమాని ఆ గీతలు చూపిస్తూ, "మా డ్రైవర్ పాత గుడ్డతో తుడిచి నాశనం చేశాడు" అని కౌంటరు దగ్గర తిట్టిపోస్తున్నాడు. డ్రైవర్ తల వంచుకుని నిలబడ్డాడు. సర్వీస్ అడ్వైజర్ ఆ మాట ఖండించలేదు, సిరామిక్ కోటింగ్ ధర చెప్పడం మొదలుపెట్టాడు. కోటింగ్ పూస్తే గీతలు పోవు. అడుగున అలాగే ఉంటాయి, తర్వాత సరిచేయాలంటే ముందు ఆ కోటింగ్ అరగదీయాలి.

కొత్త కారు బుక్ చేసుకున్నవాళ్ళకి నా మనవి ఒకటే. కడగొద్దు, పాలిష్ వద్దు అని బుకింగ్ రోజే ఫారం మీద రాయించండి. కాగితం అద్దానికి ఒక్కచోటే కాదు, నాలుగు డోర్లకూ అంటించమనండి. డెలివరీ పగటిపూట తీసుకోండి, కారును ఎండలోకి తెప్పించి చుట్టూ తిరిగి చూసిన తర్వాతే సంతకం పెట్టండి.