ఆస్తే లేడీస్, కోలే బచ్చా!

మా రోజుల్లో కలకత్తా బస్సు కండక్టరు గేటు దగ్గర వేలాడుతూ, రేకు మీద అరచేత్తో దబదబా బాది, "ఆస్తే లేడీస్, కోలే బచ్చా!" అని అరిచేవాడు. ఆడమనిషి దిగుతోంది, చంకన పిల్ల ఉంది, మెల్లగా పోనీ అని డ్రైవరుకి హెచ్చరిక. ఆ కేక వినబడితే చాలు, మగవాళ్ళని నడిచే బండిలోంచే దింపేసే ఆ డ్రైవరే బస్సుని పూర్తిగా ఆపేవాడు. పిల్ల ఉంటే బండి నెమ్మదించాలి. ఎక్కడా రాసి లేకపోయినా ఊరంతా పాటించిన కట్టుబాటు అది.

ఇప్పుడు రాసిపెట్టిన చట్టమే ఉంది. మోటారు వాహనాల చట్టానికి 2019లో చేసిన సవరణలో 194బి అనే సెక్షను పెట్టారు. పద్నాలుగేళ్ళు నిండని పిల్లల్ని బెల్టు గానీ పిల్లల సీటు గానీ లేకుండా కారులో తీసుకెళ్తే వెయ్యి రూపాయల జరిమానా. లేక్ మార్కెట్ చుట్టుపక్కల కార్లున్న తెలుగిళ్ళలో ఈ సంగతి అడిగి చూశాను. హెల్మెట్ గురించి అందరికీ తెలుసు. దీని గురించి విన్నవాళ్ళు అరుదు.

నా గొడవంతా మా మనవరాలి గురించి. దానికి నాలుగో ఏడు నడుస్తోంది. కూతురూ అల్లుడూ ఐటీ ఆఫీసులుండే సెక్టర్ ఫైవ్‌లో ఉద్యోగాలు. మధ్యాహ్నం నర్సరీ వదిలాక పిల్లని తన కారులో తెచ్చుకుని సాయంత్రం దాకా చూసుకునేది మా వీధి చివర ఉండే బెంగాలీ అమ్మాయి. మనవరాలికి ఆమె 'మాషీ'. మనిషి మంచిది, బండి జాగ్రత్తగా నడుపుతుంది. కానీ పిల్ల వెనక సీట్లో నిలబడి, ముందు సీటు పట్టుకుని, కిటికీలోంచి ట్రాములు చూస్తూ వస్తోంది. ఇది నా కళ్ళబడిన రోజే ఇంట్లో చెప్పాను, ఆ కారులో సీటు పెట్టించాలని.

"ఆవిడ కారుకి మనం కొనడమేమిటి నాన్నా?" అంది కూతురు. "రోజూ పావుగంట ప్రయాణమే కదా మావయ్యా" అన్నాడు అల్లుడు. ఆదివారం కాఫీ దగ్గర నా ఈడువాళ్ళు ఇంకో మాటన్నారు: "మనమంతా సీట్లుండే పెరిగామా?"

ఈ చివరి మాట వింటే నాకు ఒళ్ళు మండుతుంది. బతికి బట్టకట్టినవాళ్ళు కూర్చుని చెప్పుకునే మాట అది. మేం పెరిగింది అంబాసిడర్ కాలంలో. హుగ్లీ ఒడ్డున ఉత్తరపాడాలో హిందుస్థాన్ మోటార్స్‌వారు యాభైల చివర్లో మొదలెట్టి 2014 దాకా చేసిన బండి. పాత మోడళ్ళలో ముందు సీటు బెంచీలాగా ఒకటే ఉండేది, గేరు స్టీరింగు కిందే. ముందు ముగ్గురు, వెనక నలుగురు, వాళ్ళ ఒళ్ళో పిల్లలు. నిజమే. కానీ ఆ బండి ఏ వేగంతో పోయేదో కూడా చెప్పాలి కదా! ట్రాము వెనకాల, చేతిరిక్షా వెనకాల, చౌరంగీ దాటేసరికి టాక్సీవాడు బీడీ ముట్టించి ఆర్పేసేవాడు. అప్పుడు ఫ్లైఓవర్లు లేవు, బైపాస్ లేదు.

ఇప్పుడో? 1992లో విద్యాసాగర్ సేతు వచ్చింది, 2015లో 'మా' అనే పేరున్న ఫ్లైఓవర్ తెరిచారు, బైపాస్ ఎప్పటినుంచో ఉంది. అల్లుడు టామ్‌టామ్ అనే సంస్థ ట్రాఫిక్ లెక్క చూపించాడు. 2024లో కోల్‌కతాలో పది కిలోమీటర్లు పోవడానికి సగటున 34 నిమిషాల పైచిలుకు పట్టిందట. ఇంత నత్తనడక ఊళ్ళో సీటెందుకని అతని వాదన. సగటు లెక్క పార్క్ సర్కస్ జామ్‌లో ఇరుక్కున్న బండికి సరిపోతుంది. జామ్ దాటి ఫ్లైఓవర్ ఎక్కగానే, పోయిన టైమంతా అక్కడే రాబట్టాలని తొక్కుతారే, ఆ రెండు నిమిషాలకి సరిపోదు.

గంటకి నలభై కిలోమీటర్ల వేగంతో పోతున్న కారు దేన్నైనా గుద్దుకుని సెకనులో పదో వంతులో ఆగిందనుకోండి. కారు ఆగుతుంది, లోపల పిల్ల ఆగదు. పదిహేను కిలోల పిల్లని అప్పుడు పట్టి ఆపాలంటే నూటడెబ్భై కిలోల బరువు మోసినంత బలం కావాలి. అంటే పాతిక కిలోల బియ్యం బస్తాలు దగ్గర దగ్గర ఏడు. ఏ తల్లి చేతుల్లో ఉంది అంత బలం? ఒళ్ళో గట్టిగా పట్టుకుంటానని చెప్పే ప్రతి అమ్మమ్మకీ నేను ఈ లెక్కే చెబుతున్నాను, మా ఆవిడతో సహా.

ఒడిని నమ్ముకున్నది మనమొక్కళ్ళమే కాదు. స్వీడన్‌లో బెర్టిల్ ఆల్డ్‌మన్ అనే డాక్టరు 1964లోనే పసిపిల్లలకి వెనక్కి తిరిగి కూర్చునే సీటు తయారుచేసి చూపించాడు. అయినా అమెరికాలో చిన్నపిల్లలకి కారు సీటు తప్పనిసరని మొదట చట్టం తెచ్చిన రాష్ట్రం టెన్నెసీ, అది అమల్లోకి వచ్చింది 1978లో. పిల్లల డాక్టరు రాబర్ట్ సాండర్స్ పట్టుబట్టి తెప్పించాడు. ఆ చట్టంలోనూ పెద్దవాళ్ళ చేతుల్లో ఉన్న పిల్లకి మినహాయింపు ఇచ్చారు. ఒడిలో ఉన్న పిల్ల వెనకనున్న పెద్దమనిషి బరువుకీ ముందున్న డాష్‌బోర్డుకీ మధ్య నలిగిపోతుందని ఆ డాక్టరు పోరాడి, 1981లో మినహాయింపు తీసేయించాడు. వాళ్ళకి మూడేళ్ళలో అర్థమైంది.

సరే, ఇంట్లో ఒప్పుకున్నారు. ఇక కొనడం. ఒక దుకాణంలో సీటుని కారు దాకా తెచ్చి పెట్టి చూపించమంటే, "కొన్నాక చూసుకోండి" అన్నారు. మా రోజుల్లో గరియాహాట్‌లో చీర కొంటే వీధిలోకి తెచ్చి ఎండలో రంగు చూపించేవారు. పిల్ల ప్రాణానికి సంబంధించిన వస్తువుని అట్టపెట్టె విప్పకుండా కొనాలా? వచ్చేశాను. ఒక మిత్రుడు మల్లిక్ బజారులో పాతది వెతకమన్నాడు. పాత కార్ల విడిభాగాలకి ఆ బజారుని మించింది లేదు, నేనూ ఎన్నోసార్లు వెళ్ళాను. కానీ సీటు అలా కొనేది కాదు. ఒకసారి ప్రమాదంలో పడ్డ సీటు లోపల ఎక్కడ చిట్లిందో పైకి కనబడదు. దాని ప్లాస్టిక్‌కి వయసుంటుంది కూడా. చాలా సీట్లకి అడుగునో వెనకో తయారీ తేదీ అచ్చొత్తి ఉంటుంది. చుట్టాలింట్లో వాడిన సీటైతే, దాని చరిత్ర అంతా తెలిస్తే, తీసుకోవచ్చు. ఎవరిదో తెలియనిది వద్దు.

ఇక ఆన్‌లైన్‌లో వెయ్యి, పదిహేను వందలకి గుడ్డ పట్టీలు అమ్ముతున్నారు, సీటు వెనక ముడేసి పిల్లని కట్టేయడానికి. వాటి జోలికి పోవద్దు. మంచి సీటు మీద ముద్ర ఉంటుంది. ఆరెంజ్ రంగు చీటీ, దాని మీద సున్నాలో 'ఈ' అక్షరం, పక్కన నంబరు, ఆర్44 అనో కొత్తదైతే ఆర్129 అనో. మన దేశపు ప్రమాణం ఏఐఎస్-072. ఈ గుర్తులున్న సీట్లు ఆరేడు వేల నుంచే దొరుకుతున్నాయి. ఖరీదైనవాటిలో మెత్తదనం ఎక్కువ, తిరిగే పీఠాలు, సీటుని నేరుగా కారుకే తగిలించే ఐసోఫిక్స్ కొక్కేలు. మాషీ కారు పాతది, ఐసోఫిక్స్ లేదు. లేని కొక్కేనికి డబ్బు పోయడం దండగ. కారు బెల్టుతో బిగించేది, తొమ్మిది నుంచి ముప్ఫై ఆరు కిలోల దాకా పనికొచ్చేది తీసుకున్నాం. పద్దెనిమిది కిలోల దాకా దాని అయిదు పట్టీలతో కూర్చుంటుంది, ఆ తర్వాత పట్టీలు తీసేసి అదే సీట్లో కారు బెల్టు పెట్టుకోవచ్చు. తక్కువ ఖర్చులో ఎక్కువ ఏళ్ళు వచ్చేది అదే. వీపు లేని ఉత్త పీట చవక, కానీ ఈ వయసు పిల్లకి చాలదు.

బిగించడమే అసలు పని. వెనక సీటు మధ్యలో నడుముకి మాత్రమే బెల్టుంది, అది పనికిరాదు. ఎడమవైపు, ఫుట్‌పాత్ పక్కకి పెట్టాం. "మేషోమొశాయ్, మీరు పెట్టేసి వెళ్ళిపోతే కాదు, నా చేత చేయించండి" అంది మాషీ. ఇంతమందిలో తెలివైన మాట ఆమెదే. సీట్లో మోకాలేసి బరువంతా మోపి, బెల్టు లాగి, వదలకుండా మళ్ళీ లాగింది. బెల్టు దూరిన చోట పట్టుకుని ఊపితే అంగుళానికి మించి కదలకూడదు. పిల్లని కూర్చోబెట్టాక భుజం ఎముక దగ్గర పట్టీని రెండు వేళ్ళతో గిల్లి చూడాలి. మడత చేతికొస్తే ఇంకా వదులే. పట్టీ భుజం ఎత్తులోనో కాస్త పైనుంచో రావాలి, కిందనుంచి కాదు.

ఈ ఊళ్ళో చలికాలం ఒకటుంది. డిసెంబరులో గాలి కాస్త చల్లబడగానే పిల్లకి మంకీ టోపీ, స్వెటర్ మీద స్వెటర్, పైన దూది జాకెట్టు. టోపీ ఉండనివ్వండి. కానీ జాకెట్టు మీద పట్టీ బిగిస్తే బిగిసింది జాకెట్టే. గుద్దుకున్నప్పుడు అది అణిగిపోయి పిల్ల పట్టీలోంచి జారుతుంది. ముందు పట్టీలు బిగించి, ఆపైన శాలువా కప్పాలి. బైశాఖ మాసంలో ఎండలో నిలిపిన కారులో బకిలు కాలి పిల్ల తొడ చురుక్కుమంటుంది. బండి ఆపినప్పుడు సీటు మీద ఒక గమ్ఛా, అదే తువ్వాలు, పరిచి ఉంచమన్నాను.

డబ్బు మేమే పెట్టాం, పెట్టాల్సింది కన్నవాళ్ళే. ఆమెకిచ్చే జీతంలో ఆమె సీటు కొనాలనడం అన్యాయం. దుర్గాపూజ బట్టలకీ పుట్టినరోజు హాలుకీ లెక్క చూడని ఇళ్ళు ఆరేడు వేల దగ్గర ఎందుకు ఆగుతాయో నాకు అర్థం కాదు. ఆగినవాళ్ళకి గుర్తుందో లేదో, 2020 ఫిబ్రవరిలో హుగ్లీ జిల్లా పోల్బా దగ్గర బడిపిల్లల పూల్‌కారు రోడ్డు పక్క కాలువలో పడింది. వారం రోజులు ఆస్పత్రిలో పోరాడి ఒక పిల్లవాడు చనిపోయాడు. అప్పుడు నెల రోజులు అందరూ పూల్‌కార్ల గురించే మాట్లాడారు. తర్వాత మానేశారు.

మాషీ కారులో ఇంకో పిల్లవాడూ వస్తాడు, మా పిల్ల ఈడువాడే. వాడికి సీటు లేదు. వాళ్ళ నాన్నతో మాట్లాడితే, "పూజ అయ్యాక చూద్దాం కాకూ" అన్నాడు. ఈ ఆదివారం మా సీటు విప్పి వాళ్ళింటికి తీసుకెళ్తున్నాను. వాళ్ళబ్బాయిని అందులో కూర్చోబెట్టి, పట్టీలు బిగించి, మళ్ళీ అడుగుతాను.