నేలమాళిగలో నిప్పు

ఒకప్పుడు మీ పెరట్లో స్నానాల నీళ్ళు కాచే రాగి బాయిలర్ ఉండేది కదా? దాని జాతిదాన్నే నేను. కాకపోతే పెద్దదాన్ని, ఇనుముదాన్ని, పుట్టి పెరిగింది అమెరికాలో. న్యూయార్క్ నగరంలో హార్లెం అనే పేట ఉంది. అక్కడి 135వ వీధి గ్రంథాలయం నేలమాళిగలో నా కాపురం. నేను ఒక్క పుస్తకమూ చదవలేదు, చదువుకునే గదుల్లో అడుగూ పెట్టలేదు. కానీ నా ఒంట్లోంచి బయలుదేరిన గొట్టాలు మూడు అంతస్తులూ తిరిగేవి. వాటి వెంట ఆవిరి పైకి వెళ్ళేది, మాటలు కిందికి దిగేవి. అలా విన్నదే నా కథ.

నన్ను కొన్న డబ్బు ఎక్కడిదో ముందు చెప్పాలి. ఆండ్రూ కార్నెగీ అనే ఉక్కు వ్యాపారి 1901 మార్చి 12న న్యూయార్క్ పబ్లిక్ లైబ్రరీ డైరెక్టర్ జాన్ షా బిల్లింగ్స్‌కు ఒక ఉత్తరం రాశాడు. పేటపేటకూ ఒకటి చొప్పున 65 గ్రంథాలయాలు, ఒక్కోదానికి 80 వేల డాలర్లు, మొత్తం 52 లక్షల డాలర్లు ఇస్తానన్నాడు. ఒక్క షరతు పెట్టాడు. స్థలం నగరం ఇవ్వాలి, కట్టాక ఏటేటా నడిపే ఖర్చూ నగరమే పెట్టుకోవాలి. 65 అనుకున్నవి చివరికి 67 అయ్యాయి. వాటిలో మొదటిదాన్ని యార్క్‌విల్ పేటలో 1902 డిసెంబరులో తెరిచారు.

ఈ కార్నెగీ ఎవరనుకున్నారు? 1835లో స్కాట్లాండ్‌లో ఒక నేతగాడి ఇంట్లో పుట్టినవాడు. మరమగ్గాలొచ్చి తండ్రి చేతిమగ్గం మూలపడింది. 1848లో ఆ కుటుంబం బతుకుతెరువు వెతుక్కుంటూ సముద్రం దాటి పిట్స్‌బర్గ్ దగ్గర తేలింది. పదమూడేళ్ళ పిల్లవాడిని పనిలో పెట్టారు. ఆ వయసులో వాడు చేసిన పనుల్లో ఒకటి నన్ను ఇప్పటికీ కదిలిస్తుంది: దారపు కండెలు తయారుచేసే ఒక కార్ఖానా నేలమాళిగలో బాయిలర్‌కు మంట పెట్టడం. ఆవిరి తగ్గితే పైన యంత్రాలు ఆగుతాయి, ఎక్కువైతే బాయిలర్ పేలిపోతుంది. ఆ భయంతో రాత్రిళ్ళు నిద్రలో లేచి కూర్చుని ఆవిరి కొలతలు చూస్తున్నట్టు కలవరపడేవాణ్ణని ఆయనే తరవాత రాసుకున్నాడు. మా జాతి భయపెట్టిన పిల్లవాడన్నమాట.

ఆ పిల్లవాడికి కొన్నాళ్ళకు ఒక తలుపు తెరుచుకుంది. కర్నల్ జేమ్స్ ఆండర్సన్ అనే పెద్దమనిషి తన ఇంట్లోని సుమారు 400 పుస్తకాలను పనిచేసుకునే కుర్రవాళ్ళకు శనివారాలు ఇచ్చేవాడు. శనివారం ఒకటి తీసుకెళ్ళి, మళ్ళీ శనివారం తెచ్చి ఇచ్చి, ఇంకొకటి తీసుకోవాలి. తరవాత ఆ గ్రంథాలయానికి ఒక నిబంధన వచ్చింది. చేతివృత్తి నేర్చుకునే వాళ్ళకు ఉచితం, మిగతావాళ్ళకు రెండు డాలర్ల రుసుము. అప్పటికి టెలిగ్రాఫు ఆఫీసులో పనిచేస్తున్న కార్నెగీ ఊరుకోలేదు. పత్రికకు ఉత్తరం రాసి వాదించి గెలిచాడు. ఆ రెండు డాలర్ల సంగతి గుర్తు పెట్టుకోండి, మళ్ళీ దాని దగ్గరికి వస్తాను.

ఇంకో సంగతి దాచితే తప్పవుతుంది. ఆ పిల్లవాడు పెరిగి ఉక్కు సామ్రాజ్యం కట్టాక, 1892లో పిట్స్‌బర్గ్ దగ్గరి హోమ్‌స్టెడ్ మిల్లులో కార్మికులు సమ్మె చేశారు. కంపెనీ కిరాయి మనుషులను దింపింది. తుపాకులు పేలాయి, రెండు వైపులా మనుషులు చచ్చిపోయారు. ఆ సమ్మె ఓడిపోయాక కొలిముల దగ్గర పన్నెండు గంటల పని మామూలైపోయింది. పన్నెండు గంటలు నిప్పు ముందు నిలబడ్డ మనిషి ఇంటికెళ్ళి ఏ పుస్తకం విప్పుతాడు? నా కడుపులో మండిన బొగ్గూ ఆ పిట్స్‌బర్గ్ ఉన్న పెన్సిల్వేనియా రాష్ట్రానిదే. పైన పిల్లలు వెచ్చగా కూర్చుని చదువుకుంటున్నారని సంతోషించిన ప్రతిసారీ, ఆ వెచ్చదనంలో ఎవరి చెమట ఉందో నాకు గుర్తొచ్చేది.

మా భవనానికి రూపమిచ్చింది చార్లెస్ మెకిమ్ అనే వాస్తుశిల్పి. 1905 జులై 14న పది వేల పుస్తకాలతో తలుపులు తెరిచారు. ఎండాకాలం కదా, ఆ రోజు నన్ను ఎవరూ తలచుకోలేదు. నా వంతు చలితో వచ్చింది.

చలికాలంలో తెల్లవారుజామున నాలుగింటికల్లా నన్ను చూసుకునే మనిషి కిందికి దిగేవాడు. ఇలాంటి గ్రంథాలయాల్లో చాలావాటికి పై అంతస్తులోనే ఆ పనివాడి కుటుంబానికి ఇల్లు కట్టి ఇచ్చారు. నిప్పు ఆరకుండా ఉండాలంటే మనిషి దగ్గరే ఉండాలి మరి. ఆయన నా ఇనుప తలుపు తీసి, రాత్రి బూడిద కప్పి దాచిన నిప్పును ఊచతో కదిపేవాడు. నేను ఎర్రగా కన్ను తెరిచేదాన్ని. అప్పుడు పారతో బొగ్గు. ఒక్కచోట కుమ్మరించకుండా పలచగా, అంచుల దాకా. ఎక్కువ పోస్తే నిప్పుకు ఊపిరాడక పొగ కక్కుతుంది, తక్కువ పోస్తే పిల్లలొచ్చే వేళకు గది వేడెక్కదు. ఆవిరి ముల్లు లేచేదాకా చేతులు వెనక్కి కట్టుకొని దాన్నే చూస్తూ నిలబడేవాడు. గొట్టాల్లో ఆవిరి ఎక్కుతుంటే టకటకమని చప్పుడయ్యేది. పైన కిటికీల కింద ఇనుప పక్కటెముకల్లాంటి రేడియేటర్లు ఒక్కొక్కటే వేడెక్కేవి. అప్పుడు రాత్రి బూడిదను డబ్బాకెత్తి మెట్లెక్కేవాడు. మంచు గడ్డకట్టిన రోజుల్లో ఆ బూడిద పిడికెళ్ళతో ముందరి మెట్ల మీద చల్లేవాడు, వచ్చేవాళ్ళ కాళ్ళు జారకుండా. ముసలివాళ్ళు, చంకలో పుస్తకాలు పెట్టుకున్న పిల్లలు ఆ బూడిద తొక్కుకుంటూ లోపలికి వచ్చేవారు.

కొందరు పుస్తకం కోసం వచ్చేవారు, కొందరు నా కోసం. ఇంట్లో పొయ్యి వెలగని వాళ్ళు ఉంటారు కదా. రేడియేటర్ పక్కన కుర్చీ లాక్కొని, చేతులు కాచుకుంటూ, మర్యాదకు ఒక పుస్తకం ముందు పెట్టుకునేవారు. అలా పెట్టుకున్న పుస్తకంలో ఎప్పుడో మునిగిపోయి, మూసే వేళయిందని చెబితే ఉలిక్కిపడి లేచేవారు. వెచ్చదనానికి వచ్చిన మనిషిని పుస్తకం పట్టుకోవడం నేను ఎన్నిసార్లు విన్నానో!

మేము కొత్తగా ఉన్నప్పుడు పేటలో ఎక్కువగా తెల్లవాళ్ళు, వాళ్ళలో యూదులు చాలామంది. పదిహేనేళ్ళు తిరిగేసరికి పేట మారిపోయింది. దక్షిణాది రాష్ట్రాల అవమానాలు తప్పించుకొని వచ్చిన నల్లజాతివాళ్ళు, కరీబియన్ దీవుల నుంచి వచ్చినవాళ్ళు ఇక్కడ ఇళ్ళు తీసుకున్నారు. 1920లో ఎర్నెస్టీన్ రోజ్ అనే తెల్లజాతి మహిళ మా గ్రంథాలయానికి అధికారిగా వచ్చింది. పుస్తకాలు తీసుకునేది ఈ పేటవాళ్ళైనప్పుడు ఇచ్చే బల్ల దగ్గరా వాళ్ళే ఉండాలన్నది ఆవిడ పట్టుదల. న్యూయార్క్ పబ్లిక్ లైబ్రరీలో మొదటి నల్లజాతి లైబ్రేరియన్ కాథరిన్ లాటిమర్ మా దగ్గరే పనిచేసింది. 1921లో చేరిన ప్యూర్టోరికో అమ్మాయి పురా బెల్‌ప్రే, చిన్నప్పుడు తన ఊళ్ళో విన్న కథలనే పిల్లలకు చెప్పడం మొదలుపెట్టింది. ఒక బొద్దింకా ఒక చిట్టెలుకా పెళ్ళి చేసుకునే కథ ఒకటుంది. పిల్లల నవ్వు గొట్టాల్లోంచి నా దాకా వచ్చేది.

ఆ ఏడాదే సెప్టెంబరులో కొలంబియా విశ్వవిద్యాలయంలో చేరడానికి ఒక కుర్రవాడు ఈ వీధిలో దిగాడు. పేరు లాంగ్‌స్టన్ హ్యూస్. ఊరికి కొత్త. రోజ్ గారూ లాటిమర్ గారూ అతన్ని ఇంటి మనిషిలా పలకరించారు. ఆ పలకరింపు గుర్తుపెట్టుకొని, పెద్ద కవి అయ్యాక ఒక వ్యాసంలో రాశాడు.

ఇంకొకాయన ఆర్టురో షోంబర్గ్, ప్యూర్టోరికోలో 1874లో పుట్టినవాడు. నల్లవాళ్ళకు చరిత్రే లేదని చిన్నప్పుడు బడిలో టీచరు అన్న మాట ఆయన గుండెలో ముల్లులా దిగిందని చెబుతారు. ఒక బ్యాంకులో ఉద్యోగం చేసుకుంటూనే ఆ మాటకు జవాబుగా ఒక్కొక్క పుస్తకం, ఒక్కొక్క రాతప్రతి, ఒక్కొక్క బొమ్మ కూడబెట్టాడు. 1926లో కార్నెగీ పేరిటి దాతృత్వ సంస్థ కార్నెగీ కార్పొరేషన్ పది వేల డాలర్లిచ్చి ఆ నిధిని కొని మా గ్రంథాలయానికి అప్పగించింది. అందులో పుస్తకాలే సుమారు ఐదు వేలు. పెట్టెలు మూడో అంతస్తుకు ఎక్కుతున్నప్పుడు మెట్లు మూలిగిన చప్పుడు నేను విన్నాను. 1932 నుంచి 1938లో కన్నుమూసేదాకా ఆయనే వాటికి కాపలా ఉన్నాడు. వాటి మీద ఈగ వాలనిచ్చేవాడు కాదు. కాగితాలకు వేడీ చలీ రెండూ శత్రువులే. ఆ ఏళ్ళలో నేను నా వేడిని ఎంత జాగ్రత్తగా పంపానో ఆయనకు తెలియదు.

అప్పటిదాకా నేను పైనుంచి వచ్చే మాటలే విన్నాను. 1926లో గోడ అవతల నుంచే మాటలు మొదలయ్యాయి. నల్లజాతి మేధావి డబ్ల్యు.ఇ.బి. డుబోయ్స్ పూనుకొని పెట్టిన క్రిగ్వా నాటక బృందం మా నేలమాళిగలోనే చిన్న రంగస్థలం వేసుకుంది. మా లైబ్రేరియన్ రెజీనా ఆండర్సన్ ఆ పనిలో చేయి వేసింది. 1940లో అమెరికన్ నీగ్రో థియేటర్ అనే బృందం అక్కడే దిగింది. 1944లో ‘అన్నా లూకాస్టా’ నాటకం మా నేలమాళిగలో మొదలై ఆ ఏడాదే నగరంలోని పెద్ద నాటకశాలల వీధి బ్రాడ్‌వే దాకా వెళ్ళింది. తరవాత సినిమాల్లో ఎంతో పేరు తెచ్చుకున్న సిడ్నీ పోయిటియర్ ఆ బృందంలో నటన నేర్చుకోవడానికి రుసుముకు బదులు ఊడ్చే పని చేశాడు. చీపురు పట్టినవాడికీ పార పట్టినవాడికీ నేను దగ్గరి చుట్టాన్ని.

ఆ మధ్య కాలంలోనే, బక్కపలచని నల్లపిల్లాడు ఒకడు వారానికి మూడు నాలుగుసార్లు వచ్చి అల్మరా తరవాత అల్మరా ఖాళీ చేసి చదివాడు. పేరు జేమ్స్ బాల్డ్‌విన్, తరవాత పెద్ద రచయిత అయ్యాడు. వాడి ఇల్లు పేదది, పెంచిన తండ్రి కోపిష్టి. ఇక్కడ మాత్రం వాణ్ణి లేచి వెళ్ళమన్నవాళ్ళు లేరు.

తరవాత నాకు వయసు మీద పడింది. బొగ్గు పోయి నూనె వచ్చింది, కొత్త యంత్రం వచ్చింది. నా తలుపు చివరిసారి మూశారు. 1970లలో నగరం దివాలా అంచుకు చేరినప్పుడు నడిపే ఖర్చు తగ్గించారు. ఎన్నో పేటల్లో గ్రంథాలయాలు వారంలో కొన్ని రోజులే తెరిచారు. అప్పుడు నాకు కార్నెగీ షరతు అర్థమైంది. కట్టించడం ఒక్కసారి చేసే పని, దాని మీద దాత పేరు చెక్కుతారు. మంట నిలబెట్టడం రోజూ చేసే పని, దాని మీద ఎవరి పేరూ ఉండదు. తెల్లవారుజామున దిగివచ్చే మనిషి, పన్ను కట్టే పేటవాళ్ళు, తలుపు తెరిచే లైబ్రేరియన్, వీళ్ళలో ఒక్కరు మానేసినా 52 లక్షల డాలర్లూ చల్లారిన ఇటుకలే. 2023 నవంబరు చివర న్యూయార్క్‌లో డబ్బు లేదని ఆదివారాలు గ్రంథాలయాలు మూశారు. జనం ఊరుకోలేదు. మరుసటి ఏడాది వేసవిలో ఆదివారాలు మళ్ళీ తెరిపించుకున్నారు.

ఆ రెండు డాలర్ల సంగతి చెబుతానన్నాను కదా. మా దగ్గర చేరడానికి రుసుము లేకపోయినా, పుస్తకం ఆలస్యమైతే జరిమానా వేసేవారు. కట్టలేని పిల్లలు సిగ్గుపడి రావడమే మానేసేవారు. 2021 అక్టోబరులో ఈ నగరంలో ఆ జరిమానాలు పూర్తిగా ఎత్తేశారు. డబ్బు లేదని గుమ్మంలో ఆగిపోయిన ఒక కుర్రవాడు పత్రికకు ఉత్తరం రాసి నూట అరవై ఏళ్ళు దాటాయి. ఇన్నాళ్ళకు ఆ ఉత్తరానికి పూర్తి జవాబు వచ్చింది.

షోంబర్గ్ కూడబెట్టిన నిధి పెరిగి పెరిగి మా గదుల్లో పట్టలేదు. 1980లో పక్కనే దానికి కొత్త భవనం కట్టి ఆయన పేరే పెట్టారు. మా పాత భవనమూ అందులో భాగమే. హ్యూస్ 1967లో పోయాడు. 1991లో ఆయన బూడిదను ఆ ఆవరణలోనే నేల కింద నిక్షేపించారు. మీద రంగురంగుల వృత్తం పరిచారు. జనం దాని మీదుగానే లోపలికి నడుస్తారు.

ఆ సంగతి విన్న రోజు చల్లారిన నా ఒళ్ళు ఎందుకో వెచ్చబడ్డట్టయింది. నా బూడిదనూ ఈ గుమ్మం ముందే చల్లేవారు. కొత్తగా ఊరికొచ్చిన రోజుల్లో, ఏ మంచు పొద్దునో, ఆ కుర్రవాడూ దాన్ని తొక్కుకుంటూనే మెట్లెక్కి ఉంటాడు.