ఆల్వేస్ మనిషి

తన దినచర్యను ఇంగ్లిష్‌లో చెప్పాల్సి వచ్చినప్పుడల్లా ఏ పని ఎంత తరచుగా చేస్తాడో తేల్చుకోలేక తంటాలు పడేవాడు ఆల్వేస్ మనిషి. మేడ్చల్, కండ్లకోయ, తూముకుంట, శామీర్‌పేట ప్రాంతాల్లో విరివిగా కనిపిస్తాడు. ఆ పట్టున ఒకపక్క నాగపూర్ హైవే, ఇంకోపక్క రాజీవ్ రహదారి, రెంటినీ కలుపుతూ ఔటర్ రింగ్ రోడ్డు ఉన్నాయి. నడుమ ఇంజినీరింగ్ కాలేజీలు, అవతల జీనోమ్ వ్యాలీలో మందుల, టీకాల కంపెనీలు. ఇన్ని ఉన్నచోట ఇంటర్వ్యూలకు కరువుండదు. 229 బస్సులో పెదాలు కదుపుతూ, శబ్దం రాకుండా ‘ఐ ఆల్వేస్... ఐ ఆల్వేస్...’ అనుకుంటున్నవాడు ఇతడే.

ఇతని చదువు స్పోకెన్ ఇంగ్లిష్ క్లాసులో మొదలవుతుంది. అక్కడ బోర్డు మీద ఒక నిచ్చెన గీస్తారు: ఆల్వేస్ 100, యూజువల్లీ 90, ఆఫెన్ 70, సమ్‌టైమ్స్ 50, రేర్‌లీ 10, నెవర్ 0. ఈ అంకెలు ఎవరూ కొలిచి పెట్టినవి కావు, పుస్తకానికో తీరుగా ఉంటాయి. ఇతడు మాత్రం వాటిని కరెంటు మీటరు రీడింగులా నమ్ముతాడు. అసలు ఇంట్లో ఇతనికి వేరే నిచ్చెన ఉంది: దినాం, మస్తు సార్లు, అప్పుడప్పుడు, ఎప్పుడన్న, అమాసకో పున్నానికో. దాని మెట్ల మీద అంకెలుండవు కనుక జారిపడే భయమూ ఉండదు.

చిక్కు క్రియలోనే ఉంది. ‘ఐదుకే లేస్త’ అనే తెలుగు మాట రోజూ లేస్తాననీ చెబుతుంది, రేపు లేస్తాననీ చెబుతుంది. అలవాటుకూ స్వభావానికీ వ్యాకరణంలో ‘తద్ధర్మం’ అని విడిగా పేరుంది. చిన్నయసూరి బాలవ్యాకరణంలో దానికి చోటు కూడా ఉంది. కానీ నేటి వాడుకలో అలవాటు, భవిష్యత్తు ఒకే చొక్కా తొడుక్కుని తిరుగుతున్నాయి. అందుకే ఆల్వేస్ మనిషి ఇంటర్వ్యూలో ‘డైలీ ఐ విల్ గెట్ అప్ ఎట్ ఫైవ్’ అంటాడు. విన్నవారికి అది రేపటి నుంచి మొదలుపెట్టబోయే పనిలా వినిపిస్తుంది. వ్యాకరణం తప్పే గానీ సంగతి మాత్రం నిజం.

‘ఎప్పుడూ’ ఇంకో ఉచ్చు. ‘ఎప్పుడూ వస్తాడు’ అంటే ఆల్వేస్. ‘ఎప్పుడూ రాడు’ అంటే నెవర్. తెలుగులో ఒకే మాట రెండు కొసలనూ మోస్తుంది, కాదనే పని క్రియ చూసుకుంటుంది. ఇంగ్లిష్‌లో నెవర్ తన కాదనడాన్ని తానే మోస్తుంది. ఇతడు రెండిటినీ కలిపి ‘ఐ నెవర్ డోంట్ డ్రింక్’ అని, తాగని రోజే లేదన్నంత పని చేసి వస్తాడు. సరిదిద్దితే ‘ఐ నెవర్ డ్రింక్’ అని, ఆగి, ‘సమ్‌టైమ్స్ బీర్’ అని చేరుస్తాడు. ఇతని లెక్కలో బీరు తాగుడు కిందికి రాదు.

మాట ఎక్కడ పెట్టాలన్నది మాత్రం త్వరగానే పట్టుబడుతుంది. అసలు క్రియకు ముందు, ‘యామ్, ఈజ్, ఆర్’లకు తర్వాత. ‘ఐ ఆల్వేస్ కమ్ లేట్’, ‘ఐ యామ్ ఆల్వేస్ లేట్’ రెండూ తడబడకుండా చెప్పగలడు. ఇంటర్వ్యూలో చెప్పకూడని ఆ రెండు వాక్యాలే ఇతనికి తప్పు లేకుండా వస్తాయి. మేడ్చల్‌కు 2023లో ఎంఎంటీఎస్ వచ్చాక ‘ఐ యూజువల్లీ కమ్ బై ట్రైన్’ కూడా నేర్చుకున్నాడు. రైళ్లే తక్కువ కాబట్టి అక్కడ రేర్‌లీ అనడం న్యాయం.

యూజువల్లీ అంటే ఇతనికి ప్రాణం. దానికి తెలుగు ‘మామూలుగా’. మామూలు అరబ్బీ నుంచి వచ్చిన మాట, వాడుకలో ఉన్నదని అర్థం. చేతిలో పెట్టకపోతే పని కదలని చోట అదే మాట బహువచనంలో ‘మామూళ్లు’ అయి, 90 నుంచి 100కు ఎక్కి కూర్చుంది.

ఉద్యోగం వచ్చాక ఆ యూజువల్లీయే ప్రాణం మీదికి తెస్తుంది. మందుల కంపెనీలో ప్రతి పనికీ ఎస్‌ఓపీ అనే లిఖిత విధానం ఉంటుంది. అక్కడ రాయనిది జరగనట్టే లెక్క. విదేశీ ఆడిటర్ వచ్చి తూకం వేసే బ్యాలెన్స్‌ను ఎన్నాళ్లకోసారి సరిచూస్తారని అడుగుతాడు. ఆల్వేస్ మనిషి చిరునవ్వుతో ‘యూజువల్లీ డైలీ’ అంటాడు. వెనక నిలబడ్డ మేనేజరు ముఖం పాలిపోతుంది. యూజువల్లీ అంటే సరిచూడని రోజులున్నాయని ఒప్పుకున్నట్టు. ఆడిటర్ ఆ పది శాతం కోసం లాగ్‌బుక్కులన్నీ తెప్పిస్తాడు. ఆడిట్‌కు ముందిచ్చే శిక్షణలో యూజువల్లీ, నార్మల్లీ, జనరల్లీ నోట రాకూడదని చెప్పేది ఇందుకే. శిక్షణకు హాజరయ్యావా అని మేనేజరు అడిగితే ఇతని జవాబు ఆల్వేస్.

నడివయసులో ఇతనికి ఆఖరి పరీక్ష ఇంట్లోనే ఎదురవుతుంది. మూడో తరగతి కూతురి హోంవర్కులో ఖాళీ పూరించాలి: ‘మై ఫాదర్ డాష్ కమ్స్ హోమ్ ఎర్లీ’. పాప ‘నెవర్’ అని రాసి సంతకానికి తెస్తుంది.

‘సమ్‌టైమ్స్ అని రాయరాదు బిడ్డా?’

‘ఎప్పుడొచ్చినవ్ నాన్నా?’

మాట సరిగ్గా క్రియకు ముందే ఉంది, కమ్స్‌కు ఎస్ ఉంది, పక్కన డోంట్ లేదు. తప్పు పట్టే సందు దొరక్క సంతకం పెడతాడు.