మఖమల్ దొరలు

టెక్సస్‌లో హ్యూస్టన్ దగ్గర టాడ్ మిషన్ అనే చిన్న ఊళ్లో ఏటా అక్టోబరు, నవంబరుల్లో రినైసాన్స్ ఫెస్టివల్ అనే పాతకాలపు వేషాల జాతర జరుగుతుంది. స్నేహితులంతా కార్లెక్కి 16వ శతాబ్దానికి వెళ్లొస్తుంటారు.

పార్కింగ్‌లో దిగారో లేదో, అందరూ ప్రభువులే.
ఒక్కడూ పాలేరు కాడు.
పన్ను కట్టే రైతు అసలే లేడు.

స్థాయి లేనివాళ్లు మఖమల్ తొడగరాదని 1574లో మొదటి ఎలిజబెత్ రాణి ఫర్మానా జారీ చేసింది.
సరిగ్గా 400 ఏళ్లకు, 1974లో, ఈ జాతర మొదలైంది.
ఇక్కడ మఖమల్ అద్దెకు దొరుకుతుంది.
కార్డు గీకితే చాలు, వంశం అడగరు.

వీరుల చేతిలో ఆయుధం కాల్చిన టర్కీ కోడి కాలు.
అది అచ్చంగా అమెరికా పక్షి. 1492లో కొలంబస్ ఓడ దిగాకే యూరప్ దాని మొహం చూసింది.
పాపం, ఆర్థర్ రాజు ఆ రుచి తెలియకుండానే పోయాడు.

ప్లేగు లేదు. పేలు లేవు. అందరికీ పళ్లున్నాయి.
టెక్సస్ ఎండకు ఇనప కవచంలో ఉడికే నైటు గారికి ఐసు వేసిన నిమ్మరసం కూడా ఉంది.
యుద్ధం మధ్యలో సెల్ఫీకి విరామం ఇస్తారు. శత్రువే ఫోన్ పట్టుకుంటాడు.

రాజ్యం ఉత్తుత్తిదే అనుకునేరు!
జాతర పెట్టిన జార్జ్ కూలమ్ దశాబ్దాలపాటు ఆ ఊరికి మేయరుగా కూడా ఉన్నాడు.
ఆ పదవికి ఎన్నికలు ఉన్నాయి.